పదకొండో డిమాండు

సంఘం పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూడగానే అడిగే మాట ఒకటుంది: "యాజమాన్యంతో ఎట్లా మాట్లాడాలి సార్?" అది నేర్పడానికి ఒక పూట చాలు. యాజమాన్యానికి ఏం కావాలో మొదటి గంటలోనే తెలిసిపోతుంది. మనవాళ్లకు ఏం కావాలో తెలుసుకోవడానికే నాకు ఉద్యోగమంతా పట్టింది. అది కూడా పూర్తిగా తెలిసిందని ఒట్టు పెట్టి చెప్పలేను.

శంషాబాద్ చుట్టుపక్కల గోదాముల్లో, సరుకు ఎక్కించే చోట, వంటశాలల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుల తరఫున బేరమాడడం నా పని. గెలిచిన ఒప్పందాలు చాలానే ఉన్నాయి. వాటి గురించి నాకు చేసిన సన్మాన సభలో ఇతరులు చెప్పారు, నేను తల వంచుకుని వినయంగా విన్నాను. ఇక్కడ చెప్పేది సభలో ఎవరూ చెప్పనిది. చెప్పగలిగినవాళ్లను ఆ సభకు ఎవరూ పిలవలేదు.

దుకాణంలో నేర్చుకున్న విద్య

మాది షాద్‌నగర్. బజారులో మా నాయనకు బట్టల దుకాణం ఉండేది. అటు నూనె దుకాణం మేనమామది, ఇటు గిన్నెల దుకాణం చిన్నాయనది. పొద్దున లేస్తే బేరం, పడుకునేదాకా బేరం. మా అమ్మ కూడా నాకు అన్నం పెడుతూ "ఇంకో ముద్ద తింటే పొద్దుగాల స్నానం మాఫీ" అనేది. నేను రెండు రోజుల స్నానం మాఫీ చేయించుకుని రెండు ముద్దలు తినేవాడిని.

మా నాయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. చీరకు ధర చెప్పేవాడు, దాని మీదకు జాకెట్ గుడ్డకు వేరే ధర చెప్పేవాడు. కొనేవాళ్లు చీర ధర తగ్గించమని పట్టుబడితే ముఖం బాధగా పెట్టి, చాలాసేపు ఆలోచించినట్టు నటించి, "సరే తీయ్, నీ కోసమని జాకెట్ గుడ్డ ఊరికే ఇస్తున్న" అనేవాడు. చీర ధర మాత్రం పైసా కూడా తగ్గేది కాదు. వదిలేయడానికే ఆ గుడ్డకు ధర పెట్టాడన్న సంగతి దుకాణంలో ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. కొన్నవాళ్లు గెలిచామనుకుని వెళ్లేవాళ్లు.

నేను సంఘంలోకి పట్టుకుపోయిన ఆస్తి ఇదొక్కటే. ప్రతి డిమాండ్ల పత్రంలోనూ చివర ఒక జాకెట్ గుడ్డ పెట్టేవాడిని. ఆఖరి రోజు దాన్ని ఎంతో కష్టంగా వదులుకుంటే, మేనేజరు కూడా మా పట్టుదల చూసి మెత్తబడి కూలి దగ్గర ఒక మెట్టు దిగేవాడు. కార్మికులు నన్ను "సేటూ" అని పిలిచేవాళ్లు. జెండా పట్టుకున్న సేటునని నేను కూడా నవ్వేవాడిని. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ముద్దుగానే ఉండేది.

పెద్దాయన చెప్పిన వరస

నాకు పని నేర్పినవాడిని అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఇప్పుడు లేడు. నిజాయితీగల మనిషి. ఎవరింట్లోనైనా తినేవాడు, ఎవరి మంచం మీదైనా పడుకునేవాడు. ఆయన రాజకీయానికి ఒక వరస ఉండేది. ముందు కూలి, తర్వాత మిగతావి. కార్మికుడి కడుపు నిండితే తల ఎత్తుతాడు, తల ఎత్తితే కులం దానంతటదే జారిపోతుంది, ముందే కులం మాట తెస్తే కార్మికులు చీలిపోతారు అనేవాడు. నేను నమ్మాను. ఆ వరసలో ఒక సౌకర్యం ఉందని అప్పుడు గమనించలేదు. మొదటి అంశం ఎన్నటికీ పూర్తయ్యేది కాదు కనుక రెండోదాన్ని ముట్టుకోవాల్సిన అవసరమే వచ్చేది కాదు.

దీనికి ఎదురు వరస చెప్పేవాళ్లు కూడా వచ్చారు. ఒకసారి నగరం నుంచి కొందరు కుర్రవాళ్లు వచ్చి మా దగ్గర పాకీపని చేసే ఆడవాళ్లకు ఆత్మగౌరవం మీద సభ పెట్టారు. వాళ్ల నాయకుడు మంచి మాటకారి. గౌరవం ముందు కూలి పెంపు చాలా చిన్న విషయమన్నాడు. ముందు వరసలో కూర్చున్న యాదమ్మ అనే ఆమె లేచి, "చిన్నదైతె నీ దాంట్లకెల్లి ఇయ్యి తమ్మీ, పెద్దది మేం చూసుకుంటం" అంది. సభ గొల్లుమంది. ఆ కుర్రవాడు కూడా నవ్వాడు, మనసు మంచిదే.

నేను ఆ రోజు బాగా సంతోషించాను. యాదమ్మ మా పక్షం అనుకున్నాను. ఆమె ఏ పక్షమో తెలియడానికి ఇంకా ఏడాది పట్టింది.

ఎక్కడా రాయని రూలు

అది విమానాల్లో ఇచ్చే భోజనం వండి పంపే వంటశాల. కంపెనీ పేరు అవసరం లేదు. వండేవాళ్లు, ట్రేలు సర్దే ప్యాకింగ్ వాళ్లు, బండ్లకు ఎక్కించేవాళ్లు, ఊడ్చి కడిగేవాళ్లు, అందరూ ఒకే కాంట్రాక్టరు కింద ఉండేవాళ్లు. అందరికీ కలిపి ఒకటే సంఘం. నేను బయటివాడినైనా రెండేళ్లకోసారి జరిగే ఎన్నికల్లో నన్నే అధ్యక్షుడిగా ఎన్నుకునేవాళ్లు. ఖలీల్ భాయ్ కార్యదర్శి. జల్‌పల్లి నుంచి వచ్చేవాడు, బండ్లకు ట్రేలు ఎక్కించే పని. ప్యాకింగ్ విభాగానికి పెద్ద జంగయ్య. గట్టి మనిషి, సమ్మె అంటే మొదట గేటు దగ్గరకు వచ్చేది అతనే.

మరుగుదొడ్లు కడిగే ఆడవాళ్లు తొమ్మిది మంది. వాళ్లకు గోధుమరంగు యూనిఫాం. వంట జరిగే హాల్లోకి ఆ యూనిఫాంతో రాకూడదని కంపెనీ రూలు, అది న్యాయమే. అయితే ఆ తొమ్మిది మంది భోజనం కూడా క్యాంటీన్లో చేసేవాళ్లు కాదు. చెత్త డబ్బాలు పెట్టే గది పక్కన రేకుల షెడ్డులో తినేవాళ్లు. క్యాంటీన్ కిటికీలోంచి వాళ్ల గిన్నెల్లోకి అన్నం, కూర వేసేవాళ్లు. అదే అన్నం, అదే కూర. షెడ్డులో ఈగలు ఎక్కువ.

నేను మేనేజరును అడిగాను. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. "అటువంటి రూలు మేమేమీ పెట్టలేదండీ," అన్నాడు. "కావాలంటే ఫైలు చూడండి. వాళ్లు క్యాంటీన్లో తింటే మాకేం అభ్యంతరం? మీవాళ్లనే అడగండి."

మావాళ్లను అడిగాను. జంగయ్య తల గోక్కున్నాడు. "మేమేమన్న వద్దన్నమా సేటూ? ఆళ్లే రారు. గా పని చేసి వచ్చి పక్కన కూసుంటే బువ్వ ఎట్ల దిగుతది, నువ్వే చెప్పు."

యాదమ్మ ఈ మాట విని, "మేం రోజుకు ఎన్నిసార్లు సబ్బుతోని చేతులు కడుగుతమో నీకెర్కనా అన్నా? జంగయ్య పెండ్లి అయినప్పటిసంది అన్నిసార్లు కడిగిండో లేదో" అంది. యాదమ్మది శంషాబాద్ పక్క ఊరే. చిన్నప్పుడు ఆమె నాట్లు వేసిన పొలంలో ఇప్పుడు గోదాములు లేచాయి. పొలం ఆమెది కాదు కాబట్టి ఆ అమ్మకం గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఒకరోజు నాటుకు పోతే ముళ్లకంచె కనబడిందట.

"ఈసారి డిమాండ్లల్ల మాది రాయి అన్నా. కూలి అందరితోని పాటు వస్తది. మాకు గా క్యాంటీన్ల కూసునేది గావాలె. నేను అడిగేది అదొక్కటే," అంది.

రాశాను. మొత్తం పదకొండు డిమాండ్లు. పది కూలి, సెలవులు, రవాణా, దవాఖాన ఖర్చుల గురించి. పదకొండోది: "కార్మికులందరికీ భోజనానికి ఒకే క్యాంటీన్."

ఆ పత్రం చూసి యాదమ్మ సంతోషపడినంతగా ఆమె సంతోషపడడం నేనెప్పుడూ చూడలేదు. నేను మాత్రం రాస్తున్నప్పుడే దాని స్థానం నిర్ణయించుకున్నాను. కంపెనీకి పైసా ఖర్చు లేనిది, మావాళ్లలో సగం మందికి ఇష్టం లేనిది. చివర వదిలేయడానికి ఇంతకన్నా అనువైనది దొరకదు.

ఆఖరి రోజు

చర్చలు నాలుగు రోజులు సాగాయి. ఆఖరి రోజు కూలి దగ్గర పీటముడి పడింది. మేనేజరు కదలడం లేదు. నేను కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను. అచ్చం మా నాయన లాగే ముఖం బాధగా పెట్టాను.

"మావాళ్లకు చెప్పుకోలేని పని చేస్తున్నాను సార్. పదకొండోది వదిలేస్తాను. మీరు కూలి దగ్గర ఒక మెట్టు దిగండి."

మేనేజరు ఆశ్చర్యంగా చూశాడు. "అది మాకు ఇబ్బందే కాదని మొదటే చెప్పాను కదండీ. ఒప్పుకుంటామన్నాం. మీరెందుకు వదలడం?"

నా వృత్తి జీవితంలో అంత తెలివితక్కువగా కూర్చున్న క్షణం ఇంకొకటి లేదు. అవతలివాడు ఊరికే ఇస్తానన్నదాన్ని నేను వదులుకుంటున్నాను. కాని అప్పటికే జంగయ్య బల్ల కింద నా మోకాలు నొక్కాడు. రాతపూర్వకంగా వస్తే ప్యాకింగ్ వాళ్లు సంతకానికి రారని ముందురోజే చెప్పాడు. ఐక్యత కోసం అనుకున్నాను. "దాన్ని మా అంతర్గత విషయంగా చూసుకుంటాం" అన్నాను. మేనేజరు భుజాలెగరేశాడు. పూట గడిచాక అతను కూలి దగ్గర కూడా ఒక మెట్టు దిగాడు. అది దీనివల్ల కాదు, విమానాల రద్దీ పెరిగి అతనికి పని ఆగకూడదు కనుక.

మంచి పెంపు వచ్చింది. గేటు బయట మిఠాయి పంచాం. నేను యాదమ్మకు పెట్టెలోంచి రెండు లడ్డూలు తీసి ఇవ్వబోయాను.

"పదకొండోది ఏమైందన్నా?"

"చానా కొట్లాడిన యాదమ్మా. ఆఖరికి..."

"మేనేజరు ఒప్పుకోలేదా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. పక్కనున్న ఖలీల్ భాయ్ అప్పటికే నేల చూస్తున్నాడు. ఆమె అతని ముఖం చూసింది, తర్వాత నాది చూసింది.

"ఆయన ఒప్పుకున్నడు. నువ్వు వదిలినవ్."

"ఐక్యంగ ఉంటేనే కదా అమ్మా ఈ పెంపు..."

"ఎవలితోని ఐక్యం? నేను షెడ్డుల ఉంటె మీరందరు ఐక్యమా?" లడ్డూల వైపు చూసింది. "గివి ఈడనే తినాల్నా, షెడ్డుకు పోయి తినాల్నా?"

తీసుకోలేదు. ఆమె వెనక ఎనిమిది మంది కూడా తీసుకోలేదు. ఖలీల్ భాయ్ తర్వాత నాతో, "పదకొండోది ఇచ్చేసేటందుకే రాసినవని నాకు ముందే అనుమానం ఉండె సేటూ. అడగలే. అది నా గల్తీ" అన్నాడు.

ఆ వారమంతా మా నాయన దుకాణం గుర్తుకు వచ్చేది. ఆయనకు ఒక గర్వం ఉండేది: నా దుకాణంల కులం చూసి ధర చెప్పలే అనేవాడు. నిజమే. ఎవరికైనా ఒకటే ధర. అయితే కొందరు పరుపు మీద కూర్చుని పది చీరల మడతలు విప్పించేవాళ్లు. కొందరు మెట్టు కింద నిలబడి, మడత విప్పని చీరను దూరం నుంచి చూసి కొనేవాళ్లు. విప్పని చీరలో చినుగు ఉంటే ఇంటికి పోయాకే తెలిసేది. ఒకటే ధరకు వాళ్లకు తక్కువ సరుకు వచ్చేది. ఇన్నేళ్లు బేరం నా విద్య అనుకున్న నాకు ఈ చిన్న లెక్క తట్టలేదు. పరుపు మీద నేనే కూర్చున్నాను కదా.

పేర్లు కొట్టేయడం

ఏడు నెలలు గడిచాయి. ఒక సోమవారం నోటీసు పెట్టారు. మరుగుదొడ్ల శుభ్రత పనిని వేరే కాంట్రాక్టరుకు ఇచ్చారు. తొమ్మిది మందీ అతని కిందకు మారాలి. మా ఒప్పందం కాగితం మీద పాత కాంట్రాక్టరు పేరున ఉంది కనుక కొత్త పెంపు వాళ్లకు వర్తించదు.

మేనేజరు దగ్గరకు పరుగెత్తాను. అతను నాతో కోపంగా కూడా మాట్లాడలేదు. "చూడండి, వాళ్లు మొదటినుంచీ వేరుగానే ఉంటున్నారు కదండీ. పని వేరు, తిండి వేరు. కాగితం మీద కూడా వేరు చేశాం. మీవాళ్లకు ఇబ్బంది ఉండదనే అనుకున్నాం," అన్నాడు.

కొత్తగా వచ్చే పిల్లలు ఈ వాక్యం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. తొమ్మిది మందిని విడిగా కూర్చోబెట్టింది కంపెనీ కాదు, మనమే. ఎక్కడ కోయవచ్చో గీత మనమే గీసి ఇచ్చాం, కంపెనీ ఆ గీత మీద కోసింది. కూలి వేరు, గౌరవం వేరు అని వరసలు పెట్టుకున్న మా పెద్దాయనకూ ఇది తట్టలేదు, సభ పెట్టిన కుర్రవాళ్లకూ తట్టలేదు. పక్కన కూర్చోనివ్వనివాడి కూలి కోసం ఎవడూ సమ్మె చేయడు. సమ్మె ఉండదని తెలిస్తే కూలి కోయడానికి ఏ కంపెనీకీ భయముండదు.

సమ్మె తీర్మానం పెట్టి చూశాను. జంగయ్య నిజాయితీగానే చెప్పాడు: "పాపమే సేటూ, నేను కాదంటలేను. కని ఆళ్ల కోసం మావోళ్లు పని బంద్ పెట్టరు." పెట్టలేదు. పైగా ఇంకో మాట తెచ్చాడు. సంఘం నియమాల ప్రకారం మా కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లే సభ్యులు, కనుక ఆ తొమ్మిది పేర్లు రిజిస్టర్లోంచి తీసేయాలి. నియమం అట్లాగే ఉంది. రాసింది నేనే. తాత్కాలికమే అనుకుంటూ, స్కేలు పెట్టి, తొమ్మిది పేర్లకు తొమ్మిది గీతలు కొట్టాను. కనీసం సర్వసభ్య సమావేశం పెట్టి నియమం మార్చవచ్చన్న ఆలోచన రాలేదు. రాలేదని ఇప్పుడు అంటున్నాను. వచ్చిందేమో, జంగయ్య దగ్గర ఉన్న ఓట్లు కూడా పక్కనే గుర్తుకొచ్చి ఉంటాయి.

నాలుగో బల్ల

నెల తర్వాత, మధ్యాహ్నం భోజన సమయంలో నేను క్యాంటీన్లో ఖలీల్ భాయ్‌తో మాట్లాడుతూ నిలబడి ఉన్నాను. తొమ్మిది మందీ గోధుమరంగు యూనిఫాం మార్చుకుని, ఇంటి చీరల్లో, చేతుల్లో గిన్నెలతో లోపలికి వచ్చారు. కిటికీ దగ్గర వరసలో నిలబడి అన్నం పెట్టించుకున్నారు. నడుచుకుంటూ వచ్చి నాలుగో బల్ల దగ్గర కూర్చున్నారు.

ఆ బల్ల మీద అప్పటికే ప్యాకింగ్ వాళ్లు ఆరుగురు తింటున్నారు. ఒక్కొక్కరే ప్లేటు పట్టుకుని లేచారు. పక్క బల్లలవాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

జంగయ్య నా దగ్గరకు వచ్చాడు. "సేటూ, చెప్పు ఆళ్లకు. గిట్ల జబర్దస్తీగ వచ్చి కూసునుడేంది? ఎన్నికలు ఇంక మూడు వారాలే. మావోళ్లు పరేషాన్‌ల ఉన్నరు."

నేను యాదమ్మ దగ్గరకు వెళ్లాను. ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బేరం పెట్టాను. "యాదమ్మా, ఒక మాట. ఆ గోడ పక్కన రెండు బల్లలు ఖాళీ చేయిస్త. ఈరోజుకు అక్కడ కూసోండి. మెల్లమెల్లగ..."

ఆమె ముద్ద కలుపుతూనే ఉంది. "షెడ్డుకెల్లి బల్ల దాంక వచ్చినం, మళ్ల గోడ కాడికి పొమ్మంటున్నవ్. ఇంకెంత తగ్గిస్తవన్నా?"

ఈలోగా ఎవరో చెప్పగా మేనేజరు వచ్చాడు, వెనక ఇద్దరు సెక్యూరిటీవాళ్లు. మూడు గంటల విమానాలకు ట్రేలు వెళ్లాలి, ఇక్కడ సగం మంది నిలబడి ఉన్నారు. అతను నన్ను అడిగాడు: "వీళ్లు వేరే కాంట్రాక్టరు మనుషులండీ. ఈ క్యాంటీన్ మీ ఒప్పందంలో ఉన్నవాళ్లకు. మీ సభ్యులైతే చెప్పండి, నేను జోక్యం చేసుకోను. కాకపోతే బయటకు పంపుతాను. మీ సభ్యులేనా?"

యాదమ్మ చేతిలో ముద్ద ఆగింది. ఆమె నా వైపు చూడలేదు, గిన్నెలోకే చూస్తోంది.

"మా సభ్యులే," అన్నాను.

"కాదు సార్," అని జంగయ్య గట్టిగా అన్నాడు. "పేర్లు కొట్టేసినం. ఈయన చేతులతోనే కొట్టేసిండు. రిజిస్టర్ తెప్పిస్త, చూడుండ్రి."

మేనేజరు నా ముఖం చూశాడు. నేను చాలా అబద్ధాలు ఆడినవాడిని, బల్లకు ఈవలి వైపు అది పనిలో భాగం. కాని ఆ రోజు తడబడ్డాను. "కొట్టేసింది నిజం," అన్నాను. "అది తప్పు. సభ్యులే. వాళ్లను లేపితే నన్ను కూడా లేపి బయటకు పంపండి."

మాట పెద్దదే, కాని నేను నిలబడే ఉన్నాను. నన్ను లేపడానికేముంది? ఖలీల్ భాయ్ ఆ సంగతి గమనించాడు. ప్లేటు పట్టుకుని వచ్చి యాదమ్మకు ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "సేటూ, నిలబడి భాషణ్ దేనికి? కూసో. అక్కా, జర ఉప్పు ఇటియ్యి," అన్నాడు. యాదమ్మ ఉప్పు గిన్నె జరిపింది. బండ్లకు ఎక్కించేవాళ్లు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. అప్పుడు నేను కూర్చున్నాను. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో నేను ఆఖరివాడిని, ఇది సరిగ్గానే రాయాలి.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "త్వరగా కానివ్వండి, ట్రేలు ఆలస్యమవుతున్నాయి," అని వెళ్లిపోయాడు. కంపెనీకి కావలసింది అదొక్కటే.

తొమ్మిది మందీ మర్నాడు వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. ప్యాకింగ్ వాళ్లు కొందరు పంతంగా వారం రోజులు నిలబడి తిన్నారు. ఉదయం నుంచి నిలబడి ట్రేలు సర్దేవాళ్లు భోజనం కూడా నిలబడి తినాలంటే కష్టం. ఎనిమిదో రోజుకు పంతం కన్నా మోకాళ్ల నొప్పే బలమైనదని తేలింది. మనసులు మారాయని నేను అనను. కూర్చున్నారు, అంతే. నాకైతే అది చాలు. మనసు మారేదాకా ఆగమని చెప్పేవాళ్లు సాధారణంగా కూర్చునే చెబుతారు.

కూలి పెంపు మాత్రం ఆ తొమ్మిది మందికి తిరిగి రాలేదు. కూర్చునే హక్కు వస్తే మిగతావన్నీ వాటంతటవే వస్తాయని ఎవరైనా చెబితే మా వంటశాలకు తీసుకురండి. పెద్దాయన వరసను తలకిందులు చేసి ఇంకో వరస చేయడానికి నేను ఈ కథ చెప్పడం లేదు. రెండూ ఒకేసారి అడగాల్సినప్పుడు ఒకటి అడిగాను, ఒకటి అమ్మాను. అంతే జరిగింది.

ఆరు ఓట్లు

ఎన్నికల్లో జంగయ్య నా మీద నిలబడి గెలిచాడు. ఆరు ఓట్ల తేడా.

ఫలితం చెప్పిన సాయంత్రం నేను గేటు బయట టీ బండి దగ్గర కూర్చుని ఉన్నాను. యాదమ్మ డ్యూటీ దిగి వచ్చింది.

"ఎన్ని ఓట్లతోని పోయిందన్నా?"

"ఆరు."

"మేం తొమ్మిది మందిమి."

"తెలుసు. లెక్క వచ్చింది."

"మా పేర్లు ఉంటే గెలుస్తుంటి అనుకుంటున్నవేమో." టీ అందుకుని ఊదింది. "అందరు నీకే ఎయ్యకపోతుండిరి. ముగ్గురు ఎవలికీ ఎయ్యం అని చెప్పిన్రు. ఆ ముగ్గురిల నేనొకదాన్ని."

నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను. "మరి ఆరు నాకు పడితే సమానం అవుతుండె కదా."

"గప్పుడు చీటీ తీస్తుండిరి," అంది. ఆమె కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "నా ఓటు ఎవలికేస్తనో నా ఇష్టం. కని ముందుగాల ఓటు ఉండాలె గదా. నువ్వు గీతలు కొట్టిన పేర్లు నువ్వే రాయించు. ఓడిపోయిన అని ఇంటికి పోతవా?"

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది.

టీ సగంలోనే వదిలేసి లోపలికి వెళ్లాను. సంఘం గదిలో జంగయ్య మెడలో దండతో కూర్చుని ఉన్నాడు, చుట్టూ ప్యాకింగ్ వాళ్లు. నన్ను చూసి ఇబ్బందిగా లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"ఏంది సేటూ, అప్పుడే బేరానికొచ్చినవా?"

"బేరం కాదు," అన్నాను. బీరువాలోంచి రిజిస్టర్ తీసి అతని ముందు తెరిచి పెట్టాను. "తొమ్మిది పేర్లు చెప్తాను. రాసుకో."